ఎనిమిదో నంబరు కాలు

మార్చి 3, సోమవారం

మా అక్క కుడికాలి బొటనవేలి గోరు ఊడిపోయింది. దానికి కారకుడు కొండబూట్ల దుకాణం యజమాని. ఇంకెవరూ కాదు. ముందు ఈ ముక్క కాగితం మీద పెడితే గాని మిగతాది రాసేట్టు లేను.

పొద్దున అక్క గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుని మేజోడు విప్పింది. గోరు మేజోడుతోపాటే వచ్చేసింది. నల్లగా, చొక్కా గుండీలాగా ఉంది. అమ్మ దాన్ని కాగితంలో చుట్టి బయట పారేసి వచ్చి చేతులు కడుక్కుంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. శ్రమ మనిషి ఒంటిని తినేస్తుందని ఎన్ని కరపత్రాల్లో చదివాను, ఎన్ని వాక్యాల కింద గీతలు గీశాను. తినడమంటే ఇలా ఉంటుందని ఏ కరపత్రమూ చెప్పలేదు.

ఆసుపత్రిలో నర్సు కట్టు కట్టి, "మూడు వారాలు బూటు మాటే వద్దు. చీము పట్టిందంటే వేలి దాకా పోతుంది. తర్వాత నన్నని లాభం లేదు," అంది. అక్క బుద్ధిగా తలూపింది. వేలు పోతే అక్కకి పని కూడా పోయినట్టే.

కరపత్రానికి పనికొస్తుంది కాబట్టి ఇదంతా మొదటి నుంచి రాసి పెట్టుకుంటున్నాను. కొండలెక్కేవాళ్ళు వేసుకునే తోలుబూటు కొత్తలో చెక్కలాగా ఉంటుంది. కొన్నవాడు రెండు మూడు వారాలు రోజూ కాసేపు తొడుక్కుని తిరిగితే గాని అది కాలి మాట వినదు. అంత ఓపిక లేనివాళ్ళ కోసం ఈ దుకాణంలో "ప్రత్యేక పద్ధతిలో మెత్తబరిచిన బూట్లు" అమ్ముతారు. ఆ ప్రత్యేక పద్ధతి మా అక్క. వెనకగదిలో ఎక్కడానికి ఆరు చెక్కమెట్లు, దిగడానికి ఏటవాలు బల్ల ఉంటాయి. వీపున ఇసుక సంచి తగిలించుకుని ఐదుగురు ఆడవాళ్ళు ఊరివాళ్ళ బూట్లు తొడుక్కుని సాయంత్రం దాకా ఎక్కుతూ దిగుతూ ఉంటారు. కొనేవాళ్ళకి ఈ సంగతి తెలియకూడదని యజమాని ఆ గదికి తలుపు వెనక సందులోకి పెట్టించాడు. మనుషుల్ని కాలి కొలతతో పిలుస్తాడు. "ఎనిమిదీ, ఈ జత అందుకో. ఏడూ, లేసులు బిగించు." అక్క ఎనిమిది. నాదీ ఎనిమిదే, కాకపోతే అక్క కాలు ఒక గింజంత పొడుగు. మా ఇద్దరికీ చెప్పులు కాదు, పడవలు కొనాలంటుంది అమ్మ.

"ఎవరి బూట్లే అవి?" అని అడిగాను అక్కని.

"బూట్లు బూట్లే. నువ్వు నీ పని చూసుకో."

భయం. ఆయన మీద భయం ఎంత లోతుకి దిగిందో.

మార్చి 4

నా బూట్లు ఇవాళ మడమ దగ్గర అసలు ఒరుసుకోలేదు.

మార్చి 5, బుధవారం

బూట్ల గురించి కూడా రాయాలి, లేకపోతే ఈ పుస్తకంలో అన్నీ బాధలే ఉంటాయి.

ఇరవై రెండో తారీఖున మా పఠనమందిరం వాళ్ళం ఏడుగురం మూడు రోజుల నడకకి బయల్దేరుతున్నాం. బస్సు వెళ్ళని కొండ మీది ఊళ్ళకి కరపత్రాలు మోసుకెళ్ళి చదివి వినిపించాలని. మనిషికి పన్నెండు కిలోల మూట. చెప్పులతో అయ్యే పని కాదు. అక్క పనిచేసే దుకాణంలో కొనడం నా సిద్ధాంతానికి విరుద్ధం కనక ఫిబ్రవరి పదహారున దాని ఎదురు దుకాణానికి వెళ్ళాను.

అక్కడ అమ్మే కుర్చీలాయన (ఎప్పుడూ కుర్చీ లాక్కుని కాళ్ళ దగ్గర కూర్చుంటాడు) నన్ను చూడగానే మొదలుపెట్టాడు. "పొద్దున్నే కొలత తీసుకోకూడదు సార్. సాయంత్రానికి కాలు కాస్త ఉబ్బుతుంది, అప్పుడు రండి. మందం మేజోళ్ళు తెచ్చుకోండి. ఈ ఏటవాలు బల్ల మీద దిగి చూడండి, వేలు ముందుకి తగలకూడదు. మడమ వెనక నా వేలు దూరాలి. మీకు ఎనిమిదిన్నర పడుతుంది."

"మళ్ళీ రప్పించుకుని ఇంకో రెండు సరుకులు అంటగట్టడానికా?" అన్నాను. అమ్మేవాడి సలహా కూడా సరుకేనని ఎక్కడో చదివాను, చాలా నిజం. నేను ఎనిమిదే అడిగాను. పల్చటి మేజోళ్ళతో తొడుక్కున్నాను. బల్ల ఎక్కలేదు. ఆయన భుజాలెగరేసి డబ్బాలో పెట్టిచ్చాడు. మోసపోకుండా బయటపడ్డానని ఆ రోజంతా సంతోషంగా ఉంది.

మొదటి వారం కొంచెం ఇబ్బంది. కాళ్ళు పొక్కాయి. ఏడవలేదు.

రోజూ ప్రెస్సులో పని ముగించుకుని రాగానే అరగంట తొడుక్కుని వీధి చివరిదాకా వెళ్ళి వస్తున్నాను. రెండో వారానికల్లా తోలు లొంగింది. పట్టుదల ఉన్నవాడి కాలికింద ఏదైనా లొంగుతుంది.

మార్చి 6

కరపత్రం పూర్తయింది. పేరు "ఎనిమిదో నంబరు గోరు". ప్రెస్సాయన మిగిలిన కాగితం వాడుకోమన్నాడు, కానీ తన పేరు కింద వెయ్యొద్దన్నాడు. భోజనాల దగ్గర అక్కకి చదివి వినిపించాను. చివరి పేరా దగ్గర నాకు గొంతు పట్టేసింది.

అక్క తల వంచుకుని విన్నది. అంతా అయ్యాక, "బాగా రాశావురా," అంది. కంచంలో ముద్ద కలుపుతూ, "ఆ గోరు సంగతి తీసేస్తే కాదా? మిగతాది చాలదూ?" అంది.

"గోరే అసలు సంగతి అక్కా. గోరు లేకపోతే ఎవడు చదువుతాడు?"

"అంతేలే," అంది. అమ్మ గిన్నెలు గట్టిగా సర్దింది.

మార్చి 8, శనివారం

దుకాణం ముందు నిలబడి రెండు వందల కాగితాలు పంచాను. ఒకావిడ అక్కడికక్కడే చదివి, చేతిలో ఉన్న బూట్ల డబ్బా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టేసి వచ్చింది. ఒకాయన, "నా బూట్లు కూడా ఇలాగే...?" అని వాక్యం మధ్యలో ఆపేశాడు. తన కాళ్ళకేసి చూసుకుంటూ నిలబడ్డాడు. యజమాని అద్దం వెనక నుంచి చూశాడు. కదల్లేదు. నేను ఇంకో కట్ట విప్పాను.

అక్క వెనకసందులో నుంచి కుంటుకుంటూ వచ్చి ఇంటికి వెళ్ళిపోయింది. నాకేసి చూడలేదు.

మార్చి 9, ఆదివారం

మా పఠనమందిరం పెద్ద, మేమందరం కళ్ళద్దాలు అని పిలిచే అతను, కొత్త బూట్లతో నాలుగడుగులు వేసి నేలమీద కూలబడ్డాడు. మడమ మీద రూపాయి బిళ్ళంత పొక్కు. "నీవి ఇంత మెత్తగా ఎలా అయ్యాయిరా? మనిద్దరం ఒకే వారం కొన్నాం," అని నా బూటు వంచి చూశాడు. వస్త్రంలా వంగింది.

"రోజూ అరగంట. ఒక్కరోజు మానలేదు," అన్నాను.

"నేను గంట వేసుకుంటున్నాను."

"వేసుకోవడం కాదు, సంకల్పం ఉండాలి," అన్నాను. ఆ తర్వాత సంకల్పం గురించి పావుగంట మాట్లాడాను. అందరూ విన్నారు.

లేసులు రోజూ నేను వదిలినట్టు ఉండడం లేదు. చివర్లో రెండు మడతలు ఎక్కువ ఉంటున్నాయి. అమ్మ సర్దుతున్నట్టుంది.

మార్చి 10

అక్క రోజూ మధ్యాహ్నం పడుకుంటోందట. అమ్మ చెప్పింది. మంచిదే.

మార్చి 11, మంగళవారం

యజమాని వెనకగదికి తాళం వేశాడు. ఈ గొడవ తేలేదాకా ఐదుగురినీ ఇంటి దగ్గరే ఉండమన్నాడు. సాయంత్రం ఏడు, అక్కతోపాటు మెట్లెక్కే ఆవిడ, మా ఇంటికి వచ్చింది. అక్కకంటే పదేళ్ళు పెద్దది, గొంతు మాత్రం ఇంటి కప్పు లేచిపోయేంత.

"ఏం నాయనా, విప్లవం ఎంతవరకు వచ్చింది? నా పొయ్యి దగ్గర ఆగిందని చెబుదామని వచ్చాను," అంది.

"ఇది తాత్కాలికం. ఆయన దిగి వస్తాడు," అన్నాను.

"ఆయన దిగి వచ్చేలోపు నేను పైకి పోతాను." తర్వాత అక్క కాలికేసి చూసి, ఏదో అనబోయి, అక్క ముఖం చూసి మానేసింది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గుసగుసలాడుకున్నారు.

మార్చి 12, బుధవారం

ప్రెస్సుకి ఆయనే వచ్చాడు. యజమాని. యంత్రం పక్కన నిలబడి, అది ఆగేదాకా ఓపిగ్గా చూసి, జేబులో నుంచి నా కరపత్రం తీశాడు.

"రెండుసార్లు చదివానయ్యా. భాష బాగుంది. ఒక్క మాట అడుగుదామని వచ్చాను. ఎనిమిది, అదే మీ అక్క, ఫిబ్రవరి ఇరవై నుంచి మెట్లెక్కలేదు. మడమ ఒరుసుకుపోయిందంటే నేనే లేసులు గుచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టాను. గోరు ఊడింది మార్చిలో అని రాశావు. ఎవరి బూట్లలో ఊడింది?"

"మీకు అలా చెప్పుకోవడం అలవాటు," అన్నాను.

"మెట్లెక్కించడం తప్పంటావా, అను. దానికి జవాబు చెప్పుకోవలసింది నేనే, చెప్పుకుంటాను. చెయ్యనిది నా నెత్తిన పెట్టకు. పోనీ, ఏడుని అడుగు."

ఆయన వెళ్ళాక ప్రెస్సాయన, "ఏమంటున్నాడోయ్?" అన్నాడు. "పెట్టుబడిదారులు ఏమంటారో అదే," అన్నాను.

ఏడుని అడగను. అడగవలసిన అవసరం ఏముంది?

మార్చి 13

అబద్ధం.

అబద్ధమే.

మార్చి 14, శుక్రవారం

యంత్రం రోలరు పగిలి రెండింటికే ఇంటికి పంపేశారు. సందు మొదట్లోనే చప్పుడు వినిపించింది. దబ్. కాసేపు ఆగి మళ్ళీ దబ్. మా ఇంటి పక్కనుంచి మేడమీదికి వెళ్ళే సిమెంటు మెట్ల మీదనుంచి.

చూసింది చూసినట్టు రాస్తాను. ముందు నమ్మకం కుదరాలి నాకు.

అక్క మెట్లు వెనక్కి దిగుతోంది. ముఖం మేడవైపు, వీపు నావైపు. వీపు మీద నా నడకసంచి. కాళ్ళకి నా బూట్లు. అమ్మ కింది మెట్టు దగ్గర నిలబడి చెయ్యి చాపి, "ఇంకో ఆరున్నాయి. ఎడమకాలు ముందు. నెమ్మది, నెమ్మది," అంటోంది. వెనక్కి దిగే మనిషికి మెట్టు కనబడదు కదా, అందుకు.

నన్ను ముందు అమ్మ చూసింది. "ఇంత తొందరగా వచ్చావేం?" అంది, అన్నం వండకముందే వచ్చినవాణ్ణి అడిగినట్టు.

అక్క ఆగింది. తల తిప్పలేదు. "ఐదు మెట్లే కదా, దిగనివ్వు," అంది.

దిగింది. నేను ఆపలేదు. ఐదు మెట్లూ అలాగే చూశాను. ఇది రాయకుండా ఉండకూడదు కాబట్టి రాస్తున్నాను.

సంచి నేనే దించాను. లోపల బరువుకి కట్టలు పేర్చి ఉన్నాయి. మొన్న పంచగా మిగిలిన "ఎనిమిదో నంబరు గోరు".

అక్క కూర్చుని బూటు విప్పింది. కట్టు తడిగా ఉంది, గులాబీరంగు తడి.

"వెనక్కి ఎందుకు దిగుతున్నావు?"

"ముందుకి దిగితే వేలు కొట్టుకుంటోంది."

ఆ మాట ఎంత మామూలుగా అందో.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు ఏడ్చిన మర్నాటి నుంచి."

"నేను ఏడవలేదు."

"సరే, ఏడవలేదు," అంది అమ్మ. "దుప్పటి ఏడ్చింది."

ఫిబ్రవరి పద్దెనిమిది నుంచి. నేను ప్రెస్సులో ఉన్నంతసేపట్లో, అక్క మధ్యాహ్నం భోజనానికి వచ్చి గంట, సాయంత్రం నేను రాకముందు ఇంకో గంట. యజమాని పంపేశాక మధ్యాహ్నమంతా. పడుకుంటోందని అమ్మ చెప్పింది ఇదే.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళకి నడుస్తాను, నీకు నడవకూడదా?" అంది అక్క. "ఇరవై రెండుకి నువ్వు వెళ్ళాలి కదా. పన్నెండు కిలోలు వేసుకుని ఆ పొక్కులతో ఎలా వెళ్తావు?"

"నర్సు బూటు ముట్టొద్దంది కదే."

"నా బూటే ముట్టొద్దందనుకున్నాను." నవ్వబోయింది, కాలు నొప్పిపెట్టి ఆగిపోయింది. "ఒరేయ్, ఇవి నీకు పొట్టి. తొడుక్కున్న మొదటి రోజే తెలిసింది నాకు. ఎంత మెత్తబడినా పొడుగు పెరగవు. దిగుడులో నీ గోళ్ళు కూడా ఉండవు."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. తిరిగి ఇచ్చెయ్యరా అన్నాను. నువ్వు దుకాణాల కుట్ర గురించి చెప్పడం మొదలుపెట్టావు. కూర చల్లారిపోయింది."

గుర్తుంది. కుట్ర గురించి చెప్పడం గుర్తుంది. తను తిరిగి ఇచ్చెయ్యమన్న మాట మాత్రం ఎంత వెతికినా గుర్తు రావడం లేదు.

"కరపత్రం చదివినప్పుడైనా చెప్పొచ్చు కదా అక్కా. పంచకముందు."

అక్క కట్టు విప్పుతూ, నాకేసి చూడకుండా అంది. "చెబుదామనే అనుకున్నాను. చదువుతుంటే నీ గొంతు పట్టేసింది. నా గురించి ఎవరూ ఎప్పుడూ అంత రాయలేదురా."

మార్చి 14, మళ్ళీ

ఆసుపత్రికి భుజం పట్టుకుని తీసుకెళ్ళాను. నర్సు కట్టు చూసి నన్ను తిట్టింది, ఇంట్లో మగాడివి, చూసుకోనక్కర్లేదా అని. చీము మొదలైందట. ఇంజక్షన్లు ఐదు రోజులు. సోమవారానికి ఎరుపు పైకి పాకితే వేలు సంగతి పెద్ద డాక్టరు చూస్తాడంది.

నేనే. ఆయన కాదు, నేనే.

ఇంకేమీ రాయలేను.

మార్చి 15, శనివారం

కళ్ళద్దాలకి చెప్పాను. అతను చాలాసేపు అద్దాలు తుడుచుకున్నాడు.

"ఇది బయటికి రాకూడదు," అన్నాడు చివరికి. "ఆ గది అన్యాయమా కాదా? అన్యాయమే. మరి గోరు ఎవరి బూట్లో ఊడితే ఏం? మీ అక్క ఎలాగూ చెప్పదు. యజమాని చెబితే ఎవరూ నమ్మరు."

పాపం నాకు ఇది సబబుగానే తోచింది. ఒక గంటసేపు తోచింది. ఆ గంటలో, ఉద్యమం కోసం మనిషి కొన్ని మింగాలని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత, మింగుతున్నది నేను కాదని తట్టింది.

ఏడు వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో బట్టలు ఆరేస్తోంది. నేను నోరు తెరవకముందే, "తెలుసులే," అంది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"మీ అక్క మెట్లెక్కట్లేదని మా నలుగురికీ తెలుసు. పక్కనే కూర్చుని లేసులు గుచ్చుతుంటే తెలియదా? తమ్ముడు ఏదో రాశాడు, మన మేలుకే కదా అని ఊరుకున్నాం. ఇప్పుడు ఐదుగురం ఇంట్లో కూర్చుని నీ మేలు తింటున్నాం." తడి చీర దులిపింది, నీళ్ళు నా మొహం మీద పడ్డాయి. కావాలనే అనుకుంటాను. "మమ్మల్ని ఒక్కసారైనా అడిగావా, మీకేం కావాలని?"

అడగలేదు. ఇరవై రెండు పేరాలు రాశాను, అడగలేదు.

"ఇప్పుడు అడుగుతున్నాను పెద్దమ్మా."

"పెద్దమ్మనా? ఇన్నాళ్ళూ నీకు కూడా నేను ఏడునే." కాస్త మెత్తబడింది. "పని పోవాలని మేం అనలేదు. గంటకోసారి కూర్చోనివ్వాలి. కాలు పొక్కినప్పుడు ఆ జత ఆపాలి. కొన్నవాళ్ళకి ఇది మనుషులు నడిచిన బూటని చెప్పాలి. ఇంకోటి, పేరు పెట్టి పిలవాలి. పదకొండేళ్ళయింది నేను ఆ గదిలో."

అక్కణ్ణుంచి దుకాణానికి వెళ్ళాను. యజమానితో చెప్పాను, నిలబడే. గోరు నా బూట్లలో ఊడిందని. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మొహం పాలిపోయింది.

"ఇంట్లో కూడా నడిచిందా?" అన్నాడు. "ఆ కాలితోనా?"

"ఆ కాలితోనే."

చాలాసేపు కౌంటరు మీది డబ్బాలు సర్దాడు. "ఈ మాట నాకు కాదయ్యా, ఆ కాగితం చదివినవాళ్ళకి చెప్పు. అప్పుడు తలుపు తీస్తాను. మిగతా కోరికలంటావా, నలుగురిలో అడగండి. నలుగురిలోనే చెబుతాను." అంతకంటే ఏమీ ఒప్పుకోలేదు.

మార్చి 16, ఆదివారం

బూట్లు కుర్చీలాయనకి తిరిగి ఇవ్వలేను, వాడినవి. నడకకి నేను వెళ్ళడం లేదు. అక్కకి చెబితే కోపమొచ్చింది. "ఇంత నడిచాక ఇంట్లో కూర్చుంటావా?" అని పొద్దుటి నుంచి మాట్లాడలేదు. కాలి ఎరుపు నిన్నటి గీత దగ్గరే ఉంది. నర్సు పెన్నుతో గీసిన గీత. గంటకోసారి చూస్తున్నాను. అమ్మ, "చూపులకి తగ్గుతుందా అది, కాస్త జరుగు, గాలి రానీ," అంది.

రేపు దుకాణం దగ్గరికి అందరూ వస్తామని ఏడు కబురు పంపింది. మధ్యాహ్నం సవరణ రాద్దామని కాగితం తీస్తే అక్కే మాట్లాడింది. "ముందు నీ సంగతి రాయి. తర్వాత ఆయనది. పెద్ద మాటలు వద్దు." నేను మూడుసార్లు "దోపిడీ" అని రాస్తే మూడుసార్లూ కొట్టేయించింది. ఒకచోట నన్ను నేను తిట్టుకుంటే అది కూడా కొట్టేయించింది. "ఇది నీ గురించి కాదు," అంది. మిగిలింది ఇంతే. రాత్రిలోపు రెండు వందలు వేసి, కాగితం తీసుకున్నవాళ్ళుండే అన్ని వీధుల్లోనూ ఇచ్చి రావాలి.

"ఈ నెల ఎనిమిదిన కొండబూట్ల దుకాణం ముందు మీకిచ్చిన కాగితంలో ఒక మాట తప్పు. గోరు ఊడింది ఆ దుకాణం బూట్లలో కాదు. ఆ కాగితం రాసిన తమ్ముడి బూట్లలో. సలహా వినకుండా పొట్టి జత కొన్నది అతను. అవి మెత్తబడాలని ఇంట్లో నడిచింది అక్క. యజమానికి ఆ గోరుతో సంబంధం లేదు.

మిగతాదంతా నిజం. వెనకగది ఉంది. ఆరు మెట్లున్నాయి, ఇసుక సంచులున్నాయి. మీ బూట్లు మెత్తగా ఉన్నది ఐదుగురు ఆడవాళ్ళు మీకంటే ముందు వాటిలో నడిచారు గనక. వాళ్ళు పని మానతామనడం లేదు. ఏం కావాలో వాళ్ళే చెబుతారు, యజమాని అక్కడే జవాబు చెబుతానన్నాడు.

రేపు సోమవారం ఉదయం ఏడు గంటలకి దుకాణం వెనక సందులోకి రండి. ఆ బూట్లు ఉంటే వేసుకునే రండి. ఐదుగురూ తలుపు ముందు నిలబడి ఉంటారు, ఒకామె కుర్చీలో. మీ జత ఎవరు నడిచారో అడగండి. నంబరు కాదు, పేరు అడగండి. చెబుతారు.

ఏడు గంటలకి. ఆలస్యం చెయ్యకండి, కాళ్ళ మీద నిలబడేవాళ్ళు వాళ్ళు."